బసవనగుడి మంకీ టాప్ ఇల్లు: ఉండి చూసినవాళ్ళ మాట

రోడ్డు మీద నిలబడి ఫోటో తీసుకునేవాళ్ళు ఈ ఇంటికి పదికి పది వేస్తారు. నేను కోడలిగా వచ్చి, పిల్లల్ని పెంచి, ప్రతి వానాకాలం బక్కెట్లు పరిచిన మనిషిని. నేను ఏడు వేస్తాను. ఇది గాలి కోసం కట్టిన ఇల్లు. గాలి దారులు మూయనంతవరకూ దీనితో పేచీ లేదు.

1898లో బెంగుళూరులో ప్లేగు వచ్చింది. పాత ఊరైన పేటలో ఇరుకు సందులు, వెలుతురు లేని గదులు, జనం మీద జనం. బసవనగుడి, మల్లేశ్వరం ఎక్స్‌టెన్షన్లు, అంటే పాత ఊరి బయట వేసిన కొత్త బస్తీలు, ఆ భయంతోనే పెరిగాయి: వెడల్పు రోడ్లు, ఇంటి చుట్టూ ఖాళీ జాగా, వెనకాల కన్సర్వెన్సీ సందు. 1910ల నాటి మా ఇంట్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉండేదట. దాన్ని శుభ్రం చేసేవాళ్ళు ఆ సందులోంచే వచ్చి, ఇంట్లోవాళ్ళ కంటపడకుండా అటే వెళ్ళిపోవాలి. శుభ్రత పేరుతో కులం కూడా ప్లానులోకి ఎక్కింది. ఇప్పుడక్కడ స్కూటర్లు పెడుతున్నారు.

ముందు వసారా కిటికీల మీద, నిటారు త్రికోణంలో, సన్నటి చెక్క పట్టీలు వరసగా దిగి మొనలు తేలి ఉంటాయి. అదే మంకీ టాప్. కోతులు లోపలికి రాకుండా పెట్టారని కొందరంటారు. మా వీధి కోతులకు ఆ సంగతి తెలియదు, దాని మీదే కూర్చుని అరటితొక్కలు పారేస్తాయి. ఎండనూ జల్లునూ మాత్రం బాగానే ఆపుతుంది, పట్టీల సందుల్లోంచి గాలి ఆడుతుంది. దుమ్ము దులపడం నరకం.

లోపల హాలు ఎత్తు 14 అడుగులు. పైన చిన్న వెంటిలేటర్లు, తాడు లాగితే తెరుచుకుంటాయి. వేడిగాలి పైకెక్కి అట్నుంచి పోతుంది. ఏప్రిల్లో కూడా మధ్యాహ్నం ఎర్ర గచ్చు మీద చాప వేసుకుంటే ఫ్యాను అక్కర్లేదు. డిసెంబరులో అదే గచ్చు మీద చెప్పుల్లేకుండా నడవలేం. బల్బు మార్చాలంటే నిచ్చెన, ఇద్దరు మనుషులు, కొంచెం టెన్షన్.

హాలు పైకప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద పలుచటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారట. అది ఇంతవరకూ ఒక్క చుక్క కారలేదు. కారేదల్లా వంటింటి మంగుళూరు పెంకులే. కొబ్బరిమట్ట పడ్డా, కోతి దూకినా ఒకటి చిట్లుతుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు 1865లో మొదలుపెట్టిన పెంకులివి. ఇప్పుడు కొత్తవి కొంటే పాతవాటి గాడిలో కూర్చోవు, పాత ఇళ్ళు కూల్చేచోట వెతుక్కోవాలి.

అసలు దెబ్బ మరమ్మతుల దగ్గర తగిలింది. మా మామయ్యగారి కాలంలో ఎవరో కాంట్రాక్టరు తూర్పు గోడకు సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు వేశాడు. రెండు వానాకాలాలకే గోడ బుడగలెత్తింది, ఉప్పు తేలింది. మదనపల్లె నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ గోటితో గీకి చూసి, “అమ్మా, సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటాది, మళ్ళీ వదిలేస్తాది. సిమెంటు కప్పితే అదెట్ల పోతాది?” అన్నాడు. అంతా చెక్కించి మళ్ళీ సున్నమే పూయించాం. గోడ ఆరింది. ఖర్చు మాత్రం కొత్త బాత్‌రూము ఖర్చంత అయింది, ఆ పని తెలిసిన మనుషులు దొరకడం ఇంకా కష్టం.

ఇలాంటి ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు జూలై, ఆగస్టు నెలల్లో వచ్చి చూడండి. హాలు చూసి మురిసిపోకుండా, దూలం గోడలోకి దిగేచోట మేకుతో పొడిచి చూడండి. చెద, చెమ్మ పట్టేది అక్కడే. మేకు మెత్తగా దిగిందంటే అడ్వాన్సు ఇవ్వకండి.