పిల్లలకు, విద్యార్థులకు, చరిత్ర చదివేవాళ్లకు: చాలాకాలం వాడాక నిలిచిన పుస్తకాలు

ఒకే బీరువాలో పిల్లల కథలు, నిఘంటువులు, పోటీ పరీక్షల పుస్తకాలు, చరిత్ర గ్రంథాలు పెట్టి ఏళ్ల తరబడి చేతులు మారనిస్తే ఒక సంగతి తేలుతుంది. మంచి పుస్తకమైనా ఇవ్వాల్సిన వరుసలో ఇవ్వకపోతే పది పేజీల దగ్గరే ఆగిపోతుంది. తెలుగు పుస్తకానికి చదివేవాళ్లు చేర్చుకోవాల్సింది కూడా కొంత ఉంటుంది: ఒక కుట్టు, ఒక పటం, ఒక పట్టిక. ఆ రెండూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్న సమీక్ష ఇది.

ముందు పిల్లల పుస్తకాలు. అట్ట మీద వేసే వయసు లెక్కను నమ్మొద్దు, లోపల ఒత్తులు చూడండి. గుణింతాలు వచ్చిన పిల్లలు ‘అక్క’, ‘పువ్వు’ లాంటి మాటలు తొందరగానే పట్టేస్తారు. ‘పుస్తకం’, ‘చంద్రుడు’ దగ్గర ఆగుతారు. ‘శాస్త్రజ్ఞుడు’ వచ్చిందంటే పుస్తకం మూసేస్తారు. పేజీకి అలాంటి మాటలు రెండు మూడు మించితే ఆ పుస్తకం పెద్దవాళ్లు చదివి వినిపించాల్సిందే. అక్షరం 20 పాయింట్లకు తగ్గితే కింది ఒత్తు పై వరుసదో కింది వరుసదో పిల్లలకు తెలియదు. ముదురు రంగు బొమ్మ మీద అచ్చేసిన పాఠమైతే బొమ్మ ఎంత బాగున్నా కొనకండి. ఒత్తులన్నీ ఆ రంగులో కలిసిపోతాయి.

కాస్త చదవడం వచ్చాక చందమామ పాత సంపుటాలకు సాటి వచ్చేది మాకు కనబడలేదు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో కథ కొన్ని పేజీల్లో ముగుస్తుంది, పక్కనే బొమ్మ ఉంటుంది, వాక్యం సాగదు. ఒక్క కూర్చోవడంలో కథ పూర్తిచేశామన్న ధీమా పిల్లలకు దొరుకుతుంది. బేతాళ కథలు మాత్రం మూడో తరగతి దాటాకే ఇవ్వాలి. బేతాళుడు ప్రశ్న అడిగిన చోట పుస్తకం మూసి, జవాబు పిల్లల్ని చెప్పనివ్వాలి. విక్రమార్కుడి జవాబు వాళ్లకు నచ్చకపోతే అది ఇంకా మంచిది, వాదనకు దిగుతారు.

పిల్లల పుస్తకాలు ఎక్కువగా పాడయ్యేది పిన్నుల వల్ల. ఒక వానాకాలం గడిచేసరికి పిన్ను తుప్పు పడుతుంది, ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది, నడిమి కాగితం ఊడి వస్తుంది. కొన్న వారంలోనే పిన్నులు తీసి దారంతో కుట్టేయడం మేలు. పుస్తకాన్ని నడిమికి తెరిచి మడత మీద మూడు చిల్లులు పెట్టాలి: ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండు పైఅంచుకీ కిందిఅంచుకీ అంగుళంన్నర లోపలగా. సూదిని లోపలి నుంచి మధ్య చిల్లులో బయటికి తీసి, పై చిల్లులో లోపలికి పంపాలి. అక్కణ్ణించి మధ్య చిల్లును దాటించి కింది చిల్లులో బయటికి, మళ్లీ మధ్య చిల్లులో లోపలికి. రెండు కొసలూ నిలువు దారానికి చెరోపక్కా వచ్చేలా చూసి ముడి వేయాలి. సన్న దారం కాగితాన్ని కోస్తుంది, మైనం రాసిన లావు నూలు దారమే వాడాలి.

విద్యార్థుల అర గురించి రెండు మాటలు. ‘శబ్దరత్నాకరం’ (1885) ఇప్పటికీ పనికొచ్చే నిఘంటువే. అయితే నేటి విద్యార్థికి అందులో మాట దొరకదు. ‘రెక్క’ కోసం ర కింద వెతుకుతాడు, అది ‘ఱెక్క’గా బండి ఱ కింద ఉంటుంది. ‘వాడు’ అరసున్నతో ‘వాఁడు’గా ఉంటుంది. ఈ రెండు సంగతులూ ఒక చీటీ మీద రాసి లోపలి అట్టకు అంటిస్తే చాలు, పుస్తకం వాడకంలోకి వస్తుంది.

పోటీ పరీక్షల పుస్తకాలు కొనేటప్పుడు ముద్రణ సంవత్సరం చూసి మోసపోవద్దు. పాత పాఠాన్నే కొత్త ఏడు వేసి అచ్చేయడం మామూలే. జిల్లాల పేజీ తెరవండి. తెలంగాణకు 31 జిల్లాలని ఉంటే అది 2019కి ముందు రాసినది, ఆంధ్రప్రదేశ్‌కు 13 అని ఉంటే 2022 ఏప్రిల్‌కు ముందుది. ఆ పేజీనే సరిచూడనివాళ్లు మిగతా పేజీలు సరిచూసి ఉంటారని అనుకోలేం.

ఇక చరిత్ర. ఈ అరలో రెండు పుస్తకాలు తప్పనిసరి. మొదటిది సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949). సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న తొలి తెలుగు పుస్తకం ఇదే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది కావ్యాల్లోంచి తవ్వి తీశారు. ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో రూకకు ఏమేం వడ్డించేవారో ‘క్రీడాభిరామం’ పద్యం నుంచి చూపిస్తారు. అయితే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తూర్పు చాళుక్య యుగం దగ్గరే ఆగిపోతారు, పద్యాలూ పాత మాటలూ ఎక్కువ కాబట్టి. 1857–1907 ప్రకరణంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లడమే మా సలహా. ఒక జాగ్రత్త: కావ్యంలో వర్ణన అంతా వాస్తవం కాదు. పద్యం ఆధారంగా చెప్పిన చోటును పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, శాసనాల ఆధారం ఉన్న పుస్తకంతో పోల్చుకోవాలి.

రెండోది ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా (ఒక భాష మాటలను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగిగా) పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, జగన్నాథం, కోస్తా దారిలో 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పుస్తకం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకి దారి ఇసుకా రాయా, బావి ఉందా, అంగట్లో ఏ సరుకు దొరుకుతుంది అని రాశారు. తిరిగొచ్చిన మరుసటి ఏడే గుంటూరు సీమను నందన కరువు (నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు) పట్టింది. అందుకే కోస్తా గురించి ఆయన రాసినవి ఇంకోసారి నెమ్మదిగా చదవాలి. ఆమడ అంటే సుమారు 8–10 మైళ్లని పెట్టుకుని, భారతదేశ పటం మీద ఆ దారిని గీసుకుంటూ చదవండి. పటం లేకుండా చదివితే ఊళ్ల పేర్ల జాబితాలా అనిపిస్తుంది. దిగవల్లి వేంకట శివరావు 1941లో పరిష్కరించిన ప్రతి దొరికితే అదే తీసుకోండి. తెలుగు వికీసోర్స్‌లోనూ ఉచితంగా చదవొచ్చు.

తెలుగు చరిత్ర పుస్తకాలు చాలావాటికి చివర పదసూచి ఉండదు. ఇది నిజంగా బాధ కలిగించే లోటు. ఆఖరి ఖాళీ పేజీల్లో ఊరు, మనిషి, పన్ను, పంట అని నాలుగు శీర్షికలు పెట్టుకుని చదువుతూనే పేజీ అంకెలు రాసుకుంటే, రెండోసారి వెతుకులాట ఉండదు.

దాంతోపాటు లోపలి అట్ట మీద సంవత్సరాల పట్టిక ఒకటి అంటించండి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. అరవై తెలుగు సంవత్సరాల్లో మొదటిదైన ప్రభవ 1807, 1867, 1927, 1987లో మొదలైంది, అక్కణ్ణించి లెక్కపెడితే నందన 1832 అవుతుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి మోటుపల్లి శాసనం శక 1166 క్రోధి, అంటే 1244–45. పట్టిక సరిగ్గా వేశామా లేదా చూసుకోవడానికి ఈ ఒక్క శాసనం చాలు. నిజాం కాలపు కాగితాల్లో కనబడే ఫసలీకి (శిస్తు లెక్కల ఏడాదికి) 590 కలపాలి. ముస్లింల హిజ్రీకి ఇలా ఒకే అంకె కలపడం కుదరదు. ఆ ఏడాది ఇంగ్లీషు ఏడాదికన్నా దాదాపు 11 రోజులు చిన్నది, తేడా ఏటేటా మారుతుంది కాబట్టి దానికి విడిగా అచ్చుపట్టిక ఉండాల్సిందే.