గ్యాసు పొయ్యా, ఇండక్షన్ పొయ్యా: చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఏది మేలు?

రాబడి తగ్గిన ఇంట్లో అందరి చూపూ మొదట పడేది వంటింటి మీదే. అద్దె తగ్గించమంటే యజమాని వినడు, ఫీజు తగ్గించమంటే బడి వినదు. సిలిండరు మాత్రం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. అందుకే కాబోలు, ఈ మధ్య తెలిసినవాళ్లు వరసపెట్టి ఒకటే అడుగుతున్నారు: గ్యాసు మానేసి ఇండక్షన్ మీద వండుకుంటే ఏమైనా మిగులుతుందా అని. ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేసి, కనెక్షన్ తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్ చేతికొస్తుంది కదా అన్నారు. ఆ పని మాత్రం చేయకండి. ఎందుకో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

అడిగినవారిని నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతాయి? కరెంటు బిల్లు ఎంతొచ్చిందో అందరూ ఠక్కున చెబుతారు, యూనిట్లు అడిగితే నీళ్లు నములుతారు. కానీ ఈ పోటీలో గెలుపోటములు తేల్చేది ఆ అంకె ఒక్కటే. ఏ పొయ్యి త్వరగా వండుతుంది, ఏది తుడుచుకోవడానికి సులువు అన్నవి డబ్బులున్నప్పుడు మాట్లాడుకునే మాటలు.

ముందు రెండింటినీ ఒకే తక్కెడలో వేద్దాం. ఇంటి సిలిండరులో ఉండేది 14.2 కిలోల గ్యాసు. దాన్నంతా కాలిస్తే వచ్చే వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. అయితే గ్యాసు మంటలో మూడో వంతుకు పైగా గిన్నె పక్కల నుంచి గాలిలోకే పోతుంది. ఇండక్షన్‌లో వేడి గిన్నె అడుగునే పుడుతుంది కాబట్టి వృథా అంత ఉండదు, వందకు ఎనభై పాళ్లకు పైగా వంటకే చేరుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే ఒక సిలిండరు చేసే పనిని ఇండక్షన్ సుమారు 140 యూనిట్లతో చేస్తుంది. సిలిండరు ధర ఊరిని బట్టి మారుతుంది, లెక్క కోసం 900 రూపాయలు అనుకుందాం. 900ని 140తో భాగిస్తే 6 రూపాయల 40 పైసలు. మీకు ఒక యూనిట్ కరెంటు ఇంతకంటే తక్కువకు దొరికితే ఇండక్షన్ మేలు, ఎక్కువైతే గ్యాసు మేలు. మీ ఊళ్లో సిలిండరు ధర వేరైతే దాన్నే 140తో భాగించుకోండి.

ఉదాహరణకు లీటరు నీళ్లు మరగాలంటే ఇండక్షన్‌కు యూనిట్‌లో పదో వంతు చాలు. గ్యాసు పది గ్రాములు కాలుతుంది, అంటే దాదాపు 65 పైసలు. అదే పదో వంతు యూనిట్‌కు తెలంగాణలో ఒక ఇంటికి 48 పైసలు పడుతుంది, పక్కింటికి 77 పైసలు పడుతుంది. పొయ్యి అదే, నీళ్లు అవే. తేడా అంతా స్లాబులో, అంటే వాడకాన్ని బట్టి యూనిట్ ధర మారే మెట్టులో ఉంది.

ఈ స్లాబుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. తెలంగాణలో నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే తొలి వంద యూనిట్లకు 3.40 చొప్పున, ఆ పైవాటికి 4.80 చొప్పున పడుతుంది. 200 దాటితే మాత్రం పైన పెరిగిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ ధర మారిపోతుంది. తొలి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆపై 300 వరకు 7.70 చొప్పున కట్టాలి. స్థిర చార్జీలు, సుంకం పక్కన పెడితే సరిగ్గా 200 దగ్గర ఆగిన ఇంటికి 820 రూపాయలు, ఒక్క యూనిట్ ఎక్కువ కాల్చిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందలకు పైమాటే!

ఇప్పుడు మామూలు ఇల్లు ఒకటి తీసుకుందాం. హైదరాబాద్‌లో నలుగురున్న కుటుంబం, నెలకు 120 యూనిట్లు, సిలిండరు నెలన్నర వస్తుంది. వంటంతా ఇండక్షన్ మీదికి మారిస్తే నెలకు ఇంకో 95 యూనిట్లు కలుస్తాయి. మొత్తం 215. బిల్లు 436 నుంచి 1,135కి ఎగబాకుతుంది, అంటే 700 ఎక్కువ. మిగిలిన గ్యాసు విలువ 600. నెలకు వంద రూపాయలు నష్టం! అదే కుటుంబం అన్నం, పప్పు, పాలు, టీ మాత్రం ఇండక్షన్ మీద పెట్టి, కూరలూ వేపుళ్లూ గ్యాసు మీదే ఉంచి, 70 యూనిట్లతో సరిపెట్టుకుందనుకోండి. వాడకం 190 దగ్గర ఆగుతుంది. కరెంటుకు అదనంగా పడేది 336, గ్యాసులో మిగిలేది 450. ఇప్పుడు నెలకు 114 లాభం. పూర్తిగా మారితే నష్టం, సగం మారితే లాభం అంటే వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క అదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గోతులు లేవు. అక్కడ ఏ స్లాబు యూనిట్లకు ఆ స్లాబు ధరే: 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. వీటికి తోడు ఇంధన ఖర్చుల సర్దుబాటు చార్జీలు పడతాయి. కాబట్టి వంటను కలుపుకున్నా 125 లోపు ఆగే చిన్న సంసారానికి ఇండక్షన్ నిస్సందేహంగా చవక. 126 నుంచి 225 మధ్య ఉన్నవారికి సర్దుబాటు చార్జీలు కలిపితే రెండూ ఇంచుమించు ఒకటే, శ్రమ పడి మారడంలో అర్థం లేదు. 225 దాటిన ఇల్లయితే గ్యాసే.

పథకాలున్న ఇళ్ల లెక్క వేరు. ఉజ్జ్వల కనెక్షన్ ఉంటే సిలిండరుకు 300 రూపాయలు వెనక్కి వస్తుంది కాబట్టి యూనిట్ 4.30 కంటే తక్కువకు దొరికితే తప్ప ఇండక్షన్ వైపు చూడనవసరం లేదు. ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చేవారు ముందు వాటిని వాడుకోవాలి. చిక్కల్లా తెలంగాణలోనే. గృహజ్యోతి ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. అంటే నెలకు 90 యూనిట్లు వాడే ఇంట్లో ఇండక్షన్ మీద వండే వంటకు ఇంధనం ఖర్చే లేదు. ప్రభుత్వ రాయితీతో ఐదు వందలకే పడే సిలిండరు కూడా దీని ముందు నిలవదు. కానీ 200 దాటితే రాయితీ ఆ నెలకు పూర్తిగా పోయి, పైన చెప్పిన వెయ్యి రూపాయల బిల్లు నెత్తిన పడుతుంది. ఈ ఇళ్లవారికి నా సలహా ఏమిటంటే, మీటరు రీడింగ్ తీసిన రోజు అంకెను క్యాలెండరు మీద రాసుకోండి. పదిహేను రోజులకు మళ్లీ చూడండి. తేడా 90 దాటితే మిగతా నెల గ్యాసు మీదికి రండి.

ఇంకో సంగతి, ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో కూలరు, ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతాయి, ఇక ఏసీ ఉంటే చెప్పనే అక్కర్లేదు. 120 యూనిట్ల ఇల్లు దానంతట అదే 200 దాటుతుంది. అలాంటప్పుడు ఇండక్షన్ మీద వండే ప్రతి యూనిట్ 7.70 ధరకే పడుతుంది. అందుకని నా ఓటు దేనికంటే, వానాకాలం, శీతకాలం అన్నం పప్పులకు ఇండక్షన్, మార్చి నుంచి జూన్ దాకా మొత్తం గ్యాసు. గీజరు వాడే ఇంట్లో శీతకాలం కూడా ఒకసారి మీటరు చూసుకోక తప్పదు. కనెక్షన్ తిరిగి ఇవ్వొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ఇంతా చెప్పాక, ఇండక్షన్ కొత్తగా కొనమంటారా అంటే, డబ్బు ఇబ్బందిగా ఉన్నప్పుడు కొనొద్దనే అంటాను. పొయ్యి, దానికి పనికొచ్చే కుక్కరు కలిపి రెండున్నర వేలవుతుందనుకుంటే, నెలకు 114 చొప్పున అది తిరిగి రావడానికి రెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. ఎప్పుడో పెళ్లిలో వచ్చినదో, సిలిండరు దొరకని రోజుల్లో కొన్నదో అటక మీద ఉంటే మాత్రం దించండి. మన ఇళ్లలో సగం గిన్నెలు అల్యూమినియంవే, వాటిని మామూలు ఇండక్షన్ గుర్తించదు. ఫ్రిజ్ తలుపు మీద అంటించే అయస్కాంతం బొమ్మను గిన్నె అడుగున పెట్టి చూడండి, గట్టిగా అతుక్కుంటే పనికొస్తుంది. తాలింపు గరిటె పెడితే చాలా పొయ్యిలు గిన్నె లేదని కూతపెట్టి ఆగిపోతాయి. వంకాయ కాల్చాలన్నా, పుల్కా పొంగాలన్నా, అప్పడం కాల్చుకోవాలన్నా మంటే కావాలి. పొయ్యి మీద 2,000 వాట్లని ఉంటే చిన్న ప్లగ్గులో పెట్టకండి, 16 ఆంపియర్లది ఉండాలి.

డబ్బు చేతులు మారే వేళ గురించీ ఒక మాట. గ్యాసుకు తొమ్మిది వందలు ముందే ఒక్కసారిగా తీయాలి. కరెంటు ముందు వాడుకుని తర్వాత కడతాం. నెలాఖరులో సిలిండరు ఖాళీ అయి చేతిలో డబ్బు లేనప్పుడు, జీతం పడేదాకా నాలుగు రోజులు ఇండక్షన్ మీద గడపడం అప్పు చేయడం కంటే ఎంతో నయం. అక్కడ పైసల లెక్క చూడను.

పొయ్యి మార్చకుండా గ్యాసు తగ్గించే దారులూ ఉన్నాయి, నిజానికి నాకు వాటి మీదే ఎక్కువ నమ్మకం. కందిపప్పు అరగంట, శనగలు రాత్రంతా నానబెట్టడం, మొదటి కూత రాగానే మంట తగ్గించడం, మూడో కూతకు కట్టేసి మిగతా పని ఆవిరికి వదిలేయడం. పొద్దున అన్నం, పప్పు, కూర ముక్కలు మూడు గిన్నెల్లో ఒకే కుక్కరులో పెట్టే ఇంట్లో సిలిండరు నెలన్నరకు ఇంకో వారం ఎక్కువ వస్తే ఆశ్చర్యపోను.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పను. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరుకూ పై స్లాబుల లెక్కే వర్తిస్తుంది. గొట్టం గ్యాసు మీ వీధికి వచ్చి ఉంటే విచారించండి, ముందస్తు డిపాజిట్ ఎంతో అడిగి మరీ తీసుకోండి. కట్టెల పొయ్యి పల్లెలో పెరడు ఉన్నవారికి స్నానాల నీళ్లకు బాగుంటుంది, ఇంట్లో పొగ మధ్య వంట వద్దు. ఐదు కిలోల చిన్న సిలిండరు బజారులో కొంటే కిలో ధర ఎక్కువ పడుతుంది, బ్రహ్మచారులకు తప్ప లాభం లేదు.

అద్దె ఇళ్లవారికి ఒక హెచ్చరిక. చాలా చోట్ల యజమాని సబ్ మీటరు పెట్టి, స్లాబుతో సంబంధం లేకుండా యూనిట్‌కు ఎనిమిదో పదో రూపాయలు వసూలు చేస్తుంటాడు. మీది అలాంటి ఇల్లయితే పై లెక్కలేవీ చూడనక్కర్లేదు, ఇండక్షన్‌ను అటక మీదే ఉండనివ్వండి. కరెంటు కూడా అద్దెలో కలిసి ఉందంటారా, అప్పుడు గ్యాసు పొయ్యి ముట్టించే పనే లేదు, యజమాని వచ్చి అడిగేదాకా.