కాస్టెల్‌మొరోన్-దాల్బ్రే, రోష్‌ఫుర్షా: ఫ్రాన్స్‌లో రెండు బుల్లి కమ్యూన్లు

కమ్యూన్ అంటే ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా చిన్న స్థానిక పాలనా విభాగం, మన పంచాయతీ లాంటిది. ఈ రెండూ చిన్నవే, కానీ ఒకటి నేలలో చిన్నది, మరొకటి జనంలో.

జిరోండ్ జిల్లాలోని కాస్టెల్‌మొరోన్-దాల్బ్రే ఫ్రాన్స్ మొత్తంలో విస్తీర్ణంలో అతి చిన్న కమ్యూన్. బండరాతి గుట్ట మీద కోటఊరు, అంతా కలిపి 4 హెక్టార్ల లోపే, అంటే సుమారు 9 ఎకరాలు. మన దగ్గర ఒక మోతుబరి చెలక అంత! ద్రోమ్ జిల్లాలోని రోష్‌ఫుర్షాది కొండలూ అడవులూ నిండిన సుమారు 12.7 చదరపు కిలోమీటర్ల నేల. జనాభా లెక్కల్లో మాత్రం ఏళ్లుగా ఒకే ఒక్కరు.

జనసాంద్రత చూస్తే బోల్తా పడతాం. కొద్ది డజన్ల మందే ఉన్న కాస్టెల్‌మొరోన్‌కు చదరపు కిలోమీటరుకు 1,000 దాటే అంకె వస్తుంది. అది చూసి పట్టణం అనుకోకూడదు, భాగించే నేల అంత తక్కువ. రోష్‌ఫుర్షాకు 0.08. ఇంత చిన్నచోట్ల సాంద్రత పక్కనపెట్టి, విస్తీర్ణం, జనాభా విడివిడిగా చూడడమే నయం.

పాలన చట్టం రెండిటికీ ఒకటే: 100 మంది లోపు ఉంటే 7 కౌన్సిల్ స్థానాలు. అక్కడ నివసించకపోయినా, వరుసగా రెండేళ్లు స్థానిక పన్ను జాబితాలో ఉన్నవారు ఓటరుగా నమోదు కావచ్చు. ఒక్కరున్న ఊరికీ మేయరు ఉండేది ఇలాగే.

ఈ ఊళ్ల వివరాలు వెతికేటప్పుడు పోస్టల్ కోడ్‌ను నమ్మొద్దు. కాస్టెల్‌మొరోన్‌ది అయిన 33540 పక్కనున్న సోవ్‌టెర్-ద-గియెన్‌దీ కూడా. ప్రతి కమ్యూన్‌కూ వేరుగా ఉండే ఇన్సే (ఫ్రాన్స్ జాతీయ గణాంక సంస్థ) కోడ్ వాడాలి. జిరోండ్‌వి 33తో, ద్రోమ్‌వి 26తో మొదలవుతాయి. లేదంటే కాస్టెల్‌మొరోన్-స్యుర్-లోత్ అనే వేరే ఊరు తేలుతుంది.