మట్టి ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాను: రెండు వేసవులు వాడాక

మాది అడుగున్నర మందం మట్టి గోడల ఇల్లు. పగలు హాయిగానే ఉంటుంది, బాధంతా రాత్రిదే. తేమ ఎక్కువున్న చోట చీకటి పడ్డాక కూడా బయట పెద్దగా చల్లబడదు. పగలు తాగిన వేడిని గోడలు అప్పుడు మెల్లగా వదులుతాయి. గాలి ఆడకపోతే పడుకోలేం.

ముందు కూలర్ కొన్నాను, అది పెద్ద పొరపాటు. నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లదనం ఇస్తుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఇంకేం ఆవిరవుతాయి? ఆ చెమ్మంతా గోడ పీల్చుకుంది. నెల తిరక్కుండానే పూత పొడిపొడిగా రాలింది, గదంతా బూజు వాసన. ఉక్కపోత ఉండే చోట మట్టి ఇంట్లో దయచేసి కూలర్ పెట్టకండి.

తర్వాత పాత ఫ్యాను తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగేది, బిగించాం. పాతది 75 వాట్లు లాగేది, ఇది ఫుల్ స్పీడులో 30 వాట్లే. రోజుకు 15 గంటలు తిరిగినా నెలకు 20 యూనిట్లు మిగులుతున్నాయి. వోల్టేజ్ పడిపోయినా వేగం తగ్గదు. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టర్ మీద పాతదానికి రెట్టింపు సేపు తిరిగింది. ఆ రాత్రి పిల్లలు లేవకుండా పడుకున్నారు, నాకు అది చాలు.

బిగించేటప్పుడు మాత్రం దగ్గరుండి చూసుకోండి. కొక్కేన్ని దూలానికే వేయించాలి, మట్టి గోడను నమ్మొద్దు. రెక్కలు నేలకు కనీసం 7 అడుగుల ఎత్తులో ఉండాలి. మా కప్పు తక్కువ ఎత్తు కాబట్టి పొట్టి రాడ్ అడిగి తెప్పించుకున్నాం. పాత రెగ్యులేటర్ తీయించేయండి. మా ఎలక్ట్రీషియన్ దాన్ని అలాగే వదిలేస్తే ఫ్యాను ఆగి ఆగి తిరిగింది, రెండు రోజులు ఒకటే టెన్షన్.

నచ్చనిది ఒకటే. ఉరుములు మెరుపుల రాత్రి లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది. వారంటీలోనే మార్చారు కానీ 11 రోజులు పట్టింది. ఇప్పుడు వాన ముందే స్విచ్ ఆపేస్తున్నాను.

ఇంకో మాట. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీద చెమటను ఆరబెడుతుంది, అంతే. అందుకే గదిలో ఎవరూ లేనప్పుడు ఆపేయండి. కప్పు కింద వేడి బయటికి పోయే దారి కూడా ఉండాలి. మేము చూరు కింద మూసేసిన కంతలు మళ్లీ తెరిచి వల కొట్టాం. దానికి పెద్ద ఖర్చేం కాలేదు, తేడా మాత్రం మొదటి రాత్రే తెలిసింది.

5కి 4 స్టార్లు. అమ్మ గదికి కూడా ఇదే కొంటున్నాను.