వినతిపత్రమా, రాస్తారోకోనా, కోర్టా: సర్కారు విధానం మారాలంటే ఏది మేలు?

జీడిపిక్కల ధర పడిపోయిన ప్రతి ఏడాదీ శ్రీకాకుళం జిల్లా పలాస చుట్టుపక్కల రైతు సంఘాల్లో ఒకే ప్రశ్న లేస్తుంది. రోడ్డెక్కుదామా, సోమవారం కలెక్టరేట్‌కి వినతిపత్రం పట్టుకెళ్దామా, హైకోర్టులో వేద్దామా? ఉద్దానంలో తాగునీళ్ల విషయంలోనూ, భోగాపురంలో విమానాశ్రయం భూముల విషయంలోనూ ఇదే మాట అడిగారు. జవాబు అడిగే కోరికను బట్టి ఉంటుంది. అయినా నా మొగ్గు ఎటో దాచను: అదునుకు సిద్ధంగా ఉన్న కాగితం వైపే.

ముందు ఒక తేడా చూసుకోవాలి. నాకు పింఛను రాలేదన్నది ఫిర్యాదు. పింఛను నిబంధనే మారాలన్నది విధానం. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక మొదటిదానికి బాగా పనికొస్తుంది. రెండోదాన్ని అక్కడ ఇస్తే ‘ఇది ప్రభుత్వ స్థాయి నిర్ణయం’ అని ఎండార్స్‌మెంట్ రాసి అర్జీ మూసేస్తారు. అది అధికారి నిర్లక్ష్యం కాదు, ఆ బల్ల మీద ఆ అధికారం లేదు. కాబట్టి విధానం కోరే అర్జీలో చివరి వాక్యం ‘తగు చర్య తీసుకోగలరు’ అని ఉండకూడదు. ‘మీ అభిప్రాయం జతచేసి ఫలానా శాఖ కమిషనర్‌కు పంపగలరు’ అని ఉండాలి. కలెక్టర్ సంతకంతో కదిలిన లేఖకు ఒక నంబరు పడుతుంది, ఆ నంబరు పట్టుకుని తర్వాత ఎక్కడికైనా వెళ్లొచ్చు.

రాస్తారోకో సంగతి. దాని బలం ఒక్కటే, అది కళ్లు తిప్పుకోనివ్వదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. అంత త్వరగా పని జరగడానికి కారణం ఆ కోరిక ఒక్క మాటలో చెప్పగలిగేది కావడం, ఒక్క ప్రభుత్వం చేతిలో ఉన్నది కావడం. అదే నిషేధాన్ని 1997లో సడలించారు. పోయిన ఎక్సైజు రాబడిని ఎక్కణ్ణుంచి పూడ్చాలన్న ప్రశ్నకు నిలబడే జవాబు ఎవరూ తయారు చెయ్యలేదు. వీధి పోరాటం సమస్యను సర్కారు ముందు పెట్టగలదు, దాని ఖర్చు లెక్క మాత్రం వీధిలో తయారవదు. ఆంథొనీ డౌన్స్ అనే పండితుడు 1972లోనే ఈ క్రమాన్ని వర్ణించాడు: జనం ఉలిక్కిపడతారు, ఏదో చెయ్యాలంటారు, ఎంతవుతుందో తెలిశాక ఉత్సాహం చల్లబడుతుంది. ఆ చల్లబడే వేళకు మీ కాగితం సచివాలయంలో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

రోడ్డెక్కేముందు ఇంకొకటి కూడా లెక్కలో పెట్టుకోండి. జాతీయ రహదారి ఆపితే కేసు కడతారు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు పడిన కుర్రాడు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి, పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ పోలీసు వెరిఫికేషన్‌లో అది తేలుతుంది. నాయకులకు అలవాటైన ఈ బాధ చదువుకుంటున్న పిల్లలకు చాలా బరువు. వాళ్లని ముందువరసలో నిలబెట్టకండి.

ఇక కోర్టు. హైకోర్టు విధాన నిర్ణయాల జోలికి మామూలుగా రాదు. నిర్ణయం చట్టానికి విరుద్ధమనో, ఏకపక్షమనో చూపిస్తేనే వింటుంది. పైగా ‘మీరు ప్రభుత్వాన్ని ముందు అడిగారా?’ అన్నది మొదటి ప్రశ్న. అడిగిన దాఖలా లేకుండా వేసిన రిట్ చాలాసార్లు ‘వినతిపత్రాన్ని ఇన్ని వారాల్లో పరిశీలించండి’ అన్న ఆదేశంతో ముగుస్తుంది. మళ్లీ మొదటికే. అంటే కోర్టు దారిలో కూడా మొదటి మెట్టు కాగితమే.

అయితే ఒక చోట కోర్టుకి సాటి లేదు, చట్టం గడువు పెట్టిన చోట. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం పెడతామన్నప్పుడు ఊళ్లన్నీ లేచాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కాల్పుల వార్త విని తీసుకున్న నిర్ణయం కాదది. బీల అంటే బీడు కాదు, నీళ్లు నిలిచే నేల, దాని మీద సాగూ చేపల వేటా బతుకుతున్నాయి అని అంతకుముందే దాఖలు చేసి వాదించిన అప్పీలు ఫలితం. వీధిలో పోరాటం లేకపోతే ఆ అప్పీలుకి సాక్ష్యం దొరికేది కాదు, అప్పీలు లేకపోతే ఆ రోజున రద్దు జరిగేది కాదు. ఇంకో పాఠం కూడా ఉంది. భూమి కేటాయించిన 2008 నాటి జీవో 1107 వేరే కాగితం. అనుమతి పోయినా అది తనంతట తాను పోలేదు, దాన్ని రద్దు చెయ్యమని మళ్లీ ఏళ్ల తరబడి దీక్షలు చెయ్యాల్సి వచ్చింది. ఒక ప్రాజెక్టు వెనుక ఎన్ని ఉత్తర్వులుంటే అన్నింటినీ విడివిడిగా అడగాలి.

ఇప్పుడు ఆ అథారిటీ లేదు, 2010 అక్టోబరు నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. అక్కడ అప్పీలుకి 30 రోజులు గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అది దాటితే ఎంత న్యాయమైన కేసైనా తలుపు మూసినట్టే. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ సభలో అరవడం కంటే అభ్యంతరం రాసిచ్చి అందినట్టు సంతకం తీసుకోవడం ముఖ్యం, ఎందుకంటే రేపు అప్పీలులో చూపించేది దాన్నే. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులు. ఇవి రాస్తారోకో కోసం ఆగవు.

శాసనసభ ప్రశ్నకు నేను మధ్యస్థంగా విలువిస్తాను. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. మన మూడు పాత జిల్లాలకూ (శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం) పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీలున్నారు, ఎమ్మెల్యే కంటే వాళ్ల దగ్గర తీరిక దొరకొచ్చు. ‘ఎప్పుడు చేస్తారు?’ అని కాకుండా ‘ఈ ప్రతిపాదన ఏ శాఖ దగ్గర, ఏ తేదీ నుంచి పెండింగులో ఉంది?’ అని అడిగించండి. పత్రికల్లో వార్త, వాట్సాప్‌లో వీడియో సాయం చేస్తాయి, అంతకుమించి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక నేను నమ్మే దారి. జాన్ కింగ్డన్ అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త 1984లో చెప్పిన మాట మన గెడ్డల (వాగుల) భాషలో సులువుగా అర్థమవుతుంది. సమస్య ఒక గెడ్డ, పరిష్కారం ఇంకో గెడ్డ, రాజకీయం మూడోది. దేని దారి దానిదే. మూడూ ఒకచోట కలిసిన కొద్ది రోజుల్లోనే విధానం మారుతుంది. రైతుకి ఆ కొద్ది రోజులకు పేరుంది, అదును. వాన పడ్డాక విత్తనం వెతికేవాడికి అదును దక్కదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆ జబ్బు దశాబ్దాలుగా ఉంది, సమస్య గెడ్డ నిండుగానే పారింది. రాజకీయం గెడ్డ ఎన్నికల ముందు పొంగింది. మొదట కదిలింది మాత్రం డయాలసిస్ పింఛనే: తొలుత 2,500 రూపాయలు, 2019లో 10,000. ఎందుకంటే పింఛను ఇచ్చే యంత్రాంగం ముందే ఉంది, డయాలసిస్ కేంద్రంలో పేర్లు లెక్కపెట్టొచ్చు, ఖర్చు గుణించి చెప్పొచ్చు. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల నీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. జబ్బు ఎందుకొస్తోందన్న దాని మీద ఏకాభిప్రాయం లేకపోవడంతో నివారణ వెనకబడింది. సిద్ధంగా ఉన్న పరిష్కారమే ముందు నడుస్తుంది, అది పెద్దదైనా చిన్నదైనా.

ఇప్పుడు జీడిపిక్కల కాగితం ఎలా ఉండాలో చూద్దాం. 80 కిలోల బస్తాకి 16,000 ఇవ్వాలన్నది రైతుల కోరిక. ‘మద్దతు ధర ప్రకటించాలి’ అని రాస్తే అది ఢిల్లీకి పోయి ఆగుతుంది. కేంద్రం మద్దతు ధర ఇచ్చే 22 పంటల్లో ఎండు కొబ్బరి ఉంది, జీడి లేదు. చేర్చాలంటే వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ నుంచి కేంద్ర మంత్రివర్గం దాకా పోవాలి. దిగుమతి సుంకం కూడా కేంద్రానిదే. రాష్ట్రం తన సంతకంతో చెయ్యగలిగింది వేరే ఉంది. కేంద్ర జాబితాలో లేని మిరప, పసుపు వంటి వాటికి 2020లో రాష్ట్రమే ధర ప్రకటించింది. కాగితంలో ముందు రాయాల్సింది ఆ పూర్వ నిర్ణయం.

తర్వాత ఖర్చు. మార్కెట్ ధరకూ అడిగే ధరకూ తేడా బస్తాకి 2,000 అనుకుందాం, ఆ తేడా ఇవ్వాల్సింది లక్ష బస్తాలకు అనుకుందాం. ప్రభుత్వం భరించేది 20 కోట్లు. ఈ అంకె లేని వినతిని ఆర్థిక శాఖ తెరిచి చూడదు. మండలాల వారీగా విస్తీర్ణం ఉద్యాన శాఖ నుంచి సమాచార హక్కు కింద తీసుకోండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10, జవాబుకి 30 రోజులు. నాణ్యత షరతు కూడా మీరే రాయండి: తేమ ఎంతలోపు ఉండాలి, 80 కిలోలకు పప్పు ఎన్ని పౌండ్లు రావాలి. వ్యాపారి ధర కట్టేది ఈ ఔట్‌టర్న్ మీదే. ఇది రాయకపోతే అధికారి కొర్రీ వేసేదీ దీని మీదే.

ఎదుటివాడి వాదన కూడా మీ కాగితంలోనే ఉండాలి. పలాస ఫ్యాక్టరీలు ఆఫ్రికా పిక్కల మీద కూడా నడుస్తాయి, ఆ ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచే ఆడకూలీల కూలి ఆ పిక్కల మీదా ఆధారపడి ఉంది. సుంకం పెంచమని రాస్తే ఫ్యాక్టరీ యజమానులు, కూలీలు ఒకవైపు, రైతులు ఇంకోవైపు అవుతారు. తేడా సొమ్ము రైతు ఖాతాలో వెయ్యమంటే ఇద్దరికీ తగువు లేదు. అందుకే రెండోదే అడగమంటాను.

ఇక అదును. పిక్కలు రాలేది మార్చి నుంచి మే దాకా. ధర పడేది ఏప్రిల్‌లో, రోడ్డెక్కేదీ అప్పుడే. బడ్జెట్ ఆమోదం మార్చిలోనే ముగిసి ఉంటుంది. ఎన్నికల ఏడాది లెక్క వేరు, 2024లో పూర్తి బడ్జెట్ నవంబరులో పెట్టారు. మిగతా ఏళ్లలో శాఖలు వచ్చే ఏడాది ప్రతిపాదనలు కట్టుకునేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు ఉద్దానంలో జీడి మాట ఎవరూ ఎత్తరు, చెట్టు పూతకు కూడా రాదు. వినతిపత్రం వ్యవసాయ, ఉద్యాన శాఖల కమిషనర్లకు చేరాల్సింది ఆ నెలల్లోనే. ఆగస్టులో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి, సెప్టెంబరులో లెక్క కట్టండి, అక్టోబరు మొదటి వారంలో కలెక్టర్ లేఖ నంబరు సంపాదించండి. ఏప్రిల్‌లో రాస్తారోకో చెయ్యాల్సే వస్తే ఆ నంబరుని బ్యానర్ మీద రాయండి.