బుడగల గాలి పరుపు: కొనదగ్గదే, పరవడం తెలిస్తే

పక్షవాతం వచ్చో, తుంటి విరిగో మంచాన పడ్డ మనిషిని బరంపురం ఆసుపత్రి నుంచి పర్లాకిమిడి ఇంటికి తెచ్చుకునేవాళ్లు ముందుగా కొనేది ఈ పరుపే. కొనదగ్గ వస్తువే. అయితే పడక పుండును ఇదొక్కటే ఆపలేదు. రెండు గంటలకోసారి మనిషిని ఒత్తిగిలించే చేతికి ఇది సాయం మాత్రమే.

ఇందులో బుడగలు రెండు జట్లు. పంపు ఒక జట్టును నింపుతుంటే రెండోది వదులవుతుంది. సుమారు 10 నిమిషాలకోసారి వంతు మారుతుంది. దాంతో నడుం కింది ఎముక మీద బరువు ఒకేచోట నిలవదు.

తప్పులన్నీ పరవడంలోనే. దీన్ని దూది పరుపు కింద వేస్తున్నారు, దాని పైనే వేయాలి. బుడగలు పైకి, పంపు నుంచి వచ్చే గొట్టాలు కాళ్ల వైపు ఉండాలి. గొట్టం నలిగితే ఒక జట్టు నిండదు. అరగంట నిండనిచ్చి మనిషిని పడుకోబెట్టాక, నడుం ఎముకకు సూటిగా గాలి పరుపు కిందకు అరచెయ్యి దూర్చి చూడండి. ఎముక తగిలితే గాలి చాలలేదు. మధ్యలో అంగుళం గాలి ఉంటే సరి. గట్టిగా ఉంటే మంచిదని పంపు మీద గాలి పెంచే మీట చివరిదాకా తిప్పితే బల్ల మీద పడుకోబెట్టినట్టే.

పైన ఒక్క నూలు దుప్పటి చాలు. రబ్బరు షీటు, బొంత వేస్తే బుడగల కదలిక ఒంటికి అందదు. మన వైపు ఉక్కకి ఈ ప్లాస్టిక్ చెమట పీల్చదు, తడిసిన దుప్పటి వెంటనే మార్చాలి.

పెద్ద లోపం కరెంటు. పంపు ఆగితే బుడగలు మెల్లగా దిగిపోతాయి. చప్పుడని రాత్రిపూట ఆపేసేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆపకండి. పంపు తినే కరెంటు చాలా తక్కువ, చిన్న ఇన్వర్టరు లాగుతుంది.

పరుపు ఉన్నా మడమలకు భయమే. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచాలి. పక్కకు తిప్పేటప్పుడు ఈడ్చకుండా దుప్పటితో ఇద్దరు ఎత్తాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయకూడదు, ఆ వైపు పడుకోబెట్టకూడదు, డాక్టరుకు చూపించాలి.

పిన్నీసు గుచ్చుకుని ఒక్క బుడగ చిల్లుపడ్డా ఆ జట్టంతా దిగుతుంది. నెలల తరబడి మంచం తప్పదంటే, ధర ఎక్కువైనా బుడగలకు బదులు పొడవాటి గాలి గొట్టాలు అడ్డంగా పేర్చిన రకమే మేలు, పాడైన గొట్టం ఒక్కటే మార్చుకోవచ్చు. ఏ రకమైనా కొట్లోనే 20 నిమిషాలు పంపు వేయించి, రెండు జట్లూ వంతు మారడం కళ్లారా చూశాకే డబ్బు ఇవ్వండి.