ఇసుక గుంతా, ఈత కొలనా, సముద్రమా? డైవింగ్‌కు మొదట దిగాల్సిన నీరు ఏది

జర్మనీలో ఇసుక, కంకర తవ్విన గుంతలు ఎన్నో నీళ్లు నిండి చెరువులయ్యాయి. వీపున కట్టుకున్న సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్‌ను అక్కడ చాలామంది నేర్చుకునేది వాటిలోనే. ఈ సంగతి చెప్పగానే మా నెల్లూరు కుర్రాళ్లు అడిగేది ఒకటే: "పెన్నలో మనకూ గుంతలున్నాయి కదా అన్నా, పుదుచ్చేరి దాకా ఎందుకు?"

గుంతనీటికి మంచి గుణాలు లేకపోలేదు. అలలుండవు. మంచినీటిలో మనిషి సముద్రంలో అంతగా తేలడు కాబట్టి నడుముకు కట్టే సీసం బరువు సుమారు 2 కిలోలు తగ్గుతుంది. కానీ డైవింగ్‌కు సిద్ధం చేసిన చెరువు వేరు, యంత్రాలు తోడి వదిలేసిన గుంత వేరు. పెన్నలో మోకాటి లోతు దాటగానే అడుగు జారిపోతుంది, గట్టు కాలికింద కూలుతుంది. ఎగువన సోమశిల జలాశయం నుంచి వరద వదిలితే గుంత ఆకారమే మారిపోతుంది. నిరుడు చూసిన లోతు ఈ ఏడు ఉండదు. ఇక అడుగున ఒండ్రు లేచిందంటే సొంత చెయ్యి కూడా కనబడదు. కొత్తవాడు బెదిరేది అప్పుడే. బెదిరితే ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తాడు. అంతకు మించిన ప్రమాదం లేదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. నిలువు లోతు నుంచి లేచినా ఈ ముప్పు ఉంది.

అందుకే మొదట ఈత కొలను. చూడటానికి ఏమీ ఉండదు, నిజమే. అయినా మాస్క్‌లో చేరిన నీటిని ముక్కుతో ఊది తీయడం, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారితే వెతికి పట్టుకోవడం, ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం, ఇవన్నీ లేచి నిలబడగలిగే నీటిలోనే అలవాటు కావాలి.

ఆ తర్వాత సముద్రం. మైపాడు, కొత్తపట్నం తీరాలు కావు, అక్కడ అలల తాకిడికి నీరు కలకబారి ఉంటుంది. పుదుచ్చేరికో, విశాఖ రుషికొండకో వెళ్లి శిక్షకుల వెంట దిగాలి. ఖర్చు ఎక్కువే. మొదటి కోర్సు పూర్తయినవారికి కూడా హద్దు 18 మీటర్లు.

నదికి దూరంగా ఒక్క గుంతకైనా లోతు కొలిచి, గట్టు సవరించి, తాడు కట్టి, ప్రమాదం జరిగితే ఇవ్వడానికి ఆక్సిజన్‌తో ఒక మనిషిని ఒడ్డున నిలబెడితే అందులో ముందు దిగేది నేనే.